కూర్చున్నచోటే ఆట

కైకలూరు,
3 జూలై 2025.

కాంతం,

చేతిరాత చూసి ఎవరబ్బా అనుకోకు. నేనే, గుల్నాజ్ అక్కని. నీకు ఆఖరిసారి ఉత్తరం రాసింది నన్ను భీమవరం టెలిఫోన్ ఎక్స్‌ఛేంజికి బదిలీ చేసినప్పుడు. ఏలూరులో నీ పక్క సీటు వదిలి వెళ్ళినందుకు నాలుగు పేజీలు ఏడ్చి రాశాను. ఆరునెలలకే వెనక్కి వచ్చేశాననుకో.

ఇప్పుడెందుకు రాస్తున్నానో చెప్పేస్తాను. నాకు చెవులు పోయాయి. కుడిది పూర్తిగా పోయింది. ఎడమదానికి మిషను పెట్టుకుంటే ఏదో గోల వినిపిస్తుంది గాని మాట విడిపడదు. ఎదురుగా కూర్చుని మెల్లగా మాట్లాడితే పెదాలు చూసి సగం పట్టుకుంటాను. ఫోనులో ఆ సగమూ లేదు. ముప్పై నాలుగేళ్ళు హెడ్‌సెట్ తగిలించుకుని ఊరికీ ఊరికీ మాట కలిపాను. ఇవాళ పక్కవీధి నుంచి చేసినా నాకు అందదు.

ఫిబ్రవరిలో నువ్వు ఫోను చేసినప్పుడు మీ ఆడపడుచు పోయిన సంగతి చెప్పావట. నువ్వేదో తమాషా చెబుతున్నావనుకుని నేను నవ్వాను. స్పీకరు పెట్టి ఇచ్చింది మా షాహిదే. అయిపోయాక నా ఎదురుగా నిలబడి, "అమ్మా, ఆవిడ చావు కబురు చెబుతుంటే నవ్వుతావేంటి?" అన్నాడు. ఆ తర్వాత నీకు చేయడానికి మొహం చెల్లలేదు. నువ్వూ చేయలేదు. కోపం వచ్చిందనుకున్నాను. రాకుండా ఎలా ఉంటుంది?

అది మనసులో పెట్టుకోవద్దని అడగడానికే ఈ ఉత్తరం.

మా ఆయన పోయాక ఐసు దుకాణం షాహిదే చూసుకుంటున్నాడు. బాగానే చూసుకుంటున్నాడు. నన్నూ బాగానే చూస్తాడు. నేనే పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ మానేశాను. నలుగురూ నవ్వితే నవ్వడం, ఊరుకుంటే ఊరుకోవడం, ఎంతసేపని? ఇంట్లో కిటికీ దగ్గర కూర్చుంటే చేపల లారీలు పోతుంటాయి. వాటి చప్పుడు మాత్రం నేల అదిరి కాళ్ళకి తెలుస్తుంది.

వీలున్నప్పుడు రాయి.

నీ
గుల్నాజ్ అక్క


తాడేపల్లిగూడెం,
19 జూలై.

గుల్నాజ్ అక్కకి,

మీ ఉత్తరం అంది పన్నెండు రోజులయింది. జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకండి. అక్షరాలు వంకరగా వస్తున్నాయి. కళ్ళజోడు మార్చుకోవాలి. పెన్ను కూడా జారుతోంది.

ఆరోజు మీరు నవ్వారని నాకు తెలియదు. ఏడుస్తున్నారనుకున్నాను. మా వదినగారి కోసం అంతగా ఏడ్చినవాళ్ళు మా ఇంట్లో కూడా లేరని మా అబ్బాయి ప్రదీప్‌తో చెప్పాను. అది ఏడుపనే ఉండనివ్వండి అక్కా.

నేను బాగున్నాను. ఇక్కడ పెన్షనర్ల హాల్లో మంగళవారం, శుక్రవారం ఒక క్లాసు పెడుతున్నారు. కుర్చీల్లో కూర్చుని డాన్సు చేయడం. పొద్దుపోక నేనూ వెళ్తున్నాను. మా కోడలు ఇందుజ ఆటోలో దింపి వస్తుంది. నేర్పే అమ్మాయి పేరు ఏంజెల్. ఫిజియోథెరపీ చదివింది. అందరం ముసలివాళ్ళమే. నరసింహమూర్తి గారని ఆర్టీసీలో డ్రైవరు చేసినాయన, రెండు మోకాళ్ళకీ ఆపరేషనయింది. పాట ఏదైనా సరే, ఆయన చేతులు స్టీరింగు తిప్పినట్టే తిరుగుతాయి. "మలుపొచ్చింది, చూసుకోండి" అంటారు.

ఈసారికి ఇంతే. చెయ్యి నొప్పి పుడుతోంది.

కాంతం


కైకలూరు,
1 ఆగస్టు.

కాంతం,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఏడుపనుకున్నావా? నీకు తెలియకుండానే నా నెత్తిమీద నుంచి బరువు దించావు.

నువ్వు డాన్సు చేయడమేంటే? సెలవు రోజున రిక్రియేషన్ క్లబ్బులో అందరూ కోలాటం ఆడుతుంటే స్తంభం పట్టుకుని నిలబడినదానివి. కాని చదువుతుంటే నాకు ఆశ పుట్టింది. కుర్చీలో కూర్చునే కదా, పడిపోతామన్న భయం ఉండదు. పాట వినపడనిదానికి డాన్సు ఎలాగని మాత్రం అడక్కు. అంకెలు వేసి రాసి పంపు. ఒకటికి ఏం చేయాలి, రెండుకి ఏం చేయాలి. ఊరికీ ఊరికీ కాల్ కలిపే ట్రంకు బోర్డు మీద కొత్తగా వచ్చిన పిల్లలకి నువ్వే కదా కాగితం మీద రాసిచ్చేదానివి. అలాగ.

ఎదురింట్లో మున్నీ అని ఉంది. రొయ్యల షెడ్డులో ఇరవై రెండేళ్ళు పొట్టు ఒలిచింది. రోజంతా ఐసు నీళ్ళలో చేతులు. ఇప్పుడు ఆ వేళ్ళు పూర్తిగా తెరుచుకోవు. జాకెట్టు హుక్కు పెట్టుకోలేక కూతురిని పిలుస్తుంది. దానికీ చూపిస్తాను.

నీ అక్షరాలు చూస్తే మాత్రం కళ్ళజోడు మాట నమ్మబుద్ధి కావడం లేదు. డాక్టరుకి చూపించుకో.

అక్క


తాడేపల్లిగూడెం,
17 ఆగస్టు.

అక్కా,

అడిగారు కాబట్టి రాస్తున్నాను. ఏంజెల్‌కి చూపించి సరిచేయించాను.

కుర్చీ చేతులు లేనిదైతే మంచిది. చక్రాల కుర్చీ వద్దు, ప్లాస్టిక్‌ది జారుతుంది, అదీ వద్దు. వీపు వెనక్కి ఆనించకుండా ముందుకి జరిగి కూర్చోవాలి. రెండు పాదాలూ పూర్తిగా నేలకి ఆనాలి. అందకపోతే కింద పీట వేసుకోండి. ఊపిరి బిగబట్టకూడదు. ఎక్కడైనా నొప్పి వస్తే అక్కడే ఆపేయాలి. "నొప్పి పడితే డాన్సు కాదండీ, శిక్ష" అంటుంది ఏంజెల్.

దీనికి మేం నాట్లు అని పేరు పెట్టుకున్నాం. ఎనిమిది అంకెలు.

ఒకటి: ఎడమ చేతిని ఒళ్ళోకి తేవాలి, నారుకట్ట అక్కడ ఉన్నట్టు.
రెండు: ఒక పిలక తీసినట్టు వేళ్ళు కలపాలి.
మూడు: ఎడమ మోకాలి పక్కకి వంగి నాటాలి.
నాలుగు: చెయ్యి పైకి.
ఐదు, ఆరు: మడమలు నేలకే ఉంచి పాదాల ముందు భాగం రెండుసార్లు తట్టాలి, బురదలో అడుగు వేసినట్టు.
ఏడు: ఎడమ చేత్తో నుదుటి చెమట తుడుచుకోవాలి.
ఎనిమిది: పక్కవాళ్ళని చూసి నవ్వాలి.

ఎనిమిది మరిచిపోవద్దు. మా నరసింహమూర్తి గారు ఏడు దాకా బాగా చేసి, ఎనిమిదికి హారను కొడతారు. ఆయనకి ఇక్కడ మినహాయింపు.

రెండోది కొల్లేటి కొంగ. అది ఇంకోసారి రాస్తాను. ఈ మాత్రం రాసేసరికి రెండు రోజులు పట్టింది.

కాంతం


కైకలూరు,
6 సెప్టెంబరు.

కాంతం,

నీ కాగితం గోడకి అంటించాను. ముందు మున్నీ, నేను. రెండో వారానికి వీధి చివరి సూరమ్మ, దాని తోడికోడలు. ఇప్పుడు ఇంకొకరు కలిసి అయిదుగురం. సాయంత్రం నాలుగింటికి మా వరండాలో.

పాట మున్నీ పాడుతుంది. నాకు వినపడదు కదా, దాని కుర్చీ నా కుర్చీకి ఆనించి వేసుకుంటుంది. అది కాలు తట్టినప్పుడల్లా నాకు చెక్కలోంచి తెలుస్తుంది. రెండు రోజుల్లో అలవాటైపోయింది. ఎనిమిది దగ్గర అందరం ఒకరినొకరు చూసుకుంటాం. అందరూ ఎందుకు నవ్వుతున్నారో తెలిసి నవ్వడం నాకు రెండేళ్ళ తర్వాత ఇదే.

షాహిద్ మొదటి రోజు దుకాణం నుంచి వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. "ఏంటమ్మా ఇదంతా, వీధిలో వాళ్ళు చూస్తున్నారు" అన్నాడు. "చూడనీరా, కుర్చీలు ఇంకా ఉన్నాయి, వాళ్ళనీ రమ్మను" అన్నాను. మర్నాడు వాడే దుకాణంలోంచి రెండు బల్లలు పంపించాడు.

ఇక అసలు సంగతి. మొన్న మున్నీ అడిగింది, "ఏవండీ గుల్నాజమ్మగారూ, ఇందులో అన్నీ ఎడం చెయ్యే ఉంది, కుడి చేతికి ఏ పనీ లేదేంటండీ?" అని. నేను మళ్ళీ చదివాను. నిజమే. ఒకటి, మూడు, ఏడు, అన్నీ ఎడమే. ఆ అక్షరాలు మళ్ళీ చూశాను. అన్నీ వెనక్కి ఒరిగి ఉన్నాయి. నీ చేతిరాత నాకు తెలియనిదా? డ్యూటీ పుస్తకంలో నీది ముత్యాల వరసని సూపర్‌వైజరు అందరికీ చూపించేవాడు.

అవతలివాళ్ళు హలో అంటే చాలు, ఏదో దాస్తున్నారని మనకి తెలిసిపోయేది. నాకు చెవులు పోయాయి గాని ఆ అలవాటు పోలేదు.

కుడి చేతికి ఏమైందే కాంతం?

అక్క


తాడేపల్లిగూడెం,
28 సెప్టెంబరు.

అక్కా,

మీరు అడిగాక దాచడం నాకు చేతకాదు.

మార్చి పదకొండున, పొద్దున పూజ అయ్యాక, హారతి పళ్ళెం చేతిలోంచి పడిపోయింది. తీద్దామని వంగితే చెయ్యి రాలేదు. ఇందుజని పిలిస్తే మాట ముద్దగా వచ్చింది. పక్షవాతం. ఇందుజ ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయలేదు, ఎదురింటివాళ్ళ కారు ఆపి ఏలూరు ఆసుపత్రికి తీసుకువెళ్ళింది. పదకొండు రోజులున్నాను. వేళకి తెచ్చారు కాబట్టి బతికారన్నారు డాక్టరు. మాట నెలన్నరకి తిరిగి వచ్చింది. కాలు ఈడ్చుకుంటూ నడుస్తాను, కర్ర కావాలి. కుడి చెయ్యి రాలేదు. భుజానికి వేలాడుతోంది, అంతే.

మీరు ఫోను చేయనందుకు అప్పుడు నేను సంతోషించాను. చేస్తే నా గొంతు విని కనిపెట్టేసేవారు. ఎందుకు దాచానంటే ఏం చెప్పను? బోర్డు మీద రెండు చేతులతో పది ప్లగ్గులు పెట్టినదాన్ని, అన్నం ముద్ద నోటికి అందుకోలేకపోతున్నానని మీకు ఎలా రాయను?

ఆ నాలుగు నెలలూ నేను మనిషిలా లేనక్కా. గదిలోంచి కదల్లేదు. ఇందుజ గుడ్డ తడిపి ఒళ్ళు తుడుస్తుంటే కళ్ళు మూసుకునేదాన్ని. మే నెలలో ఒకరోజు అన్నం కలిపి పెట్టబోతే ఎడమ చేత్తో కంచం విసిరాను. "ఇలా చేస్తే నేను తొందరగా పోతాననుకుంటున్నావా?" అన్నాను. అన్నం దాని చీర మీద పడింది. తుడిచేసి వెళ్ళిపోయింది.

ఆ క్లాసు సంగతి తెలుసుకున్నది అదే. దాని దగ్గర జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చిన ఏంజెల్‌ని అడిగిందట, మా అత్తయ్యగారు వస్తారా అని. నేను రానన్నాను. ఆటో వీధిలో నిలబెట్టి అరగంట కూర్చుంది. చివరికి డ్రైవరు మీద జాలేసి వెళ్ళాను.

మొదటి రోజు చెయ్యి పైటకొంగు కింద దాచుకున్నాను. ఎత్తమంటుందేమోనని నా భయం. ఏంజెల్ నా ముందు నేలమీద కూర్చుని, "ఆ చేతిని ఒళ్ళో కూర్చోబెట్టండి అమ్మా. దానికి ఇవాళ సెలవు. రెండోది ఆడుతుంటే చూస్తుంది" అంది. అంతే. నాకు ఏడుపు వచ్చింది. పక్క కుర్చీలో నరసింహమూర్తి గారు తన జేబురుమాలు తీసి నా మోకాలి మీద పెట్టి, అటు తిరిగి కూర్చున్నారు.

ఇంకొకటి. ఎడమ చేత్తో రాయడం నేర్చుకోమని డాక్టరు ఎన్నిసార్లు చెప్పినా పుస్తకం తెరవలేదు. మీ ఉత్తరం వచ్చింది. మీ చెవుల సంగతి చదివాక ఫోను చేయడానికి లేదు. ఇందుజ చేత రాయిస్తే మీకు తెలిసిపోతుంది. పలక తెప్పించుకుని అ ఆలు దిద్దాను. ఎనిమిది రోజులు దిద్దడం, నాలుగు రోజులు రాయడం. అదే మీకు వచ్చిన మొదటి ఉత్తరం. మీరు రాయకపోతే నేను ఈ చేత్తో అక్షరం పెట్టేదాన్ని కాదు. మీకు ఎలా చెప్పాలో తెలియక ఇన్నాళ్ళూ చెప్పలేదు.

కాంతం


కైకలూరు,
9 అక్టోబరు.

కాంతం,

రెండు రోజులు నీ మీద కోపంతో ఉన్నాను. పక్షవాతం వచ్చి ఆసుపత్రిలో పడుకుంటే నాకు కబురు లేదా అని. తర్వాత, నేను మాత్రం ఏం చేశానని నన్ను నేనే అడిగాను. చెవులు పోతే నీకు చెప్పకుండా రెండేళ్ళు మూల కూర్చున్నాను. ఇద్దరం ఒకటే.

పన్నెండు రోజులు పట్టిన ఆ ఉత్తరాన్ని పెట్టెలో మా ఆయన ఫొటో పక్కన పెట్టాను.

ఇక్కడ తొమ్మిదిమంది అయ్యాం. నీ కాగితంలో ఎడమ అన్నచోటల్లా ఒకసారి ఎడమ, ఒకసారి కుడి చేస్తున్నాం. మున్నీ ఒక కొత్తది కట్టింది. "నాట్లు మాకేం తెలుసండీ, నా వేళ్ళకి తెలిసింది ఒక్క రొయ్యే" అంది. తల తుంచడం, పొట్టు ఒలవడం, నరం లాగడం, ఐసులో వేయడం, ఆఖర్న రెండు చేతులూ దులుపుకుని ఇంటికి పోవడం. ఆ దులపడం దగ్గర తొమ్మిదిమందీ ఎంత గట్టిగా దులుపుతారో. వేళ్ళు రోజూ కాస్త కాస్త తెరవగా తెరవగా, మొన్న మున్నీ తన హుక్కులు తనే పెట్టుకుందట. రెండు పెట్టుకుని, మూడోదానికి కూతుర్ని పిలిచిందట. అయినా వీధంతా చెప్పుకుంది. నీకు మొక్కానని రాయమంది.

నాకు ఒకటే తోస్తోంది. ఏంజెల్‌కి దండం, నరసింహమూర్తి గారికి దండం, నాకు దండం. అందరికీ చెప్పావు. చీర మీద అన్నం పడ్డ ఆ అమ్మాయికి ఒక్క మాట చెప్పావా?

అక్క


తాడేపల్లిగూడెం,
21 డిసెంబరు.

అక్కా,

ఇన్నాళ్ళూ రాయలేదు. చలికి కాలు బిగుసుకుపోయింది, ఇప్పుడు నయం. మీ ఉత్తరంలో ఆఖరి మాటకి జవాబు లేక కూడా రాయలేదు. అత్తాకోడళ్ళ మధ్య అలాంటి మాటలు అలవాటు లేదక్కా. మంచినీళ్ళిస్తే తాగుతాం, మందులిస్తే వేసుకుంటాం. థాంక్స్ అంటే అది నవ్వుతుందేమో, లేకపోతే భయపడుతుంది.

ఇది వేరే సంగతి. జనవరి ఇరవై నాలుగు, శనివారం, ఏలూరులో కలుస్తున్నాం. ఏంజెల్ అక్కడ కూడా ఒక క్లాసు మొదలుపెట్టింది. గూడెం వాళ్ళూ ఏలూరు వాళ్ళూ ఒక ఫంక్షన్ హాల్లో కలిసి ఆడతారు, ఇళ్ళవాళ్ళందరినీ పిలుస్తారు. మీ కైకలూరు వరండా గురించి చెబితే ఏంజెల్ కుర్చీలోంచి లేచి నిలబడింది. "నేను కాలుపెట్టని ఊళ్ళో నా క్లాసు నడుస్తోందా అమ్మా?" అంది. మీ తొమ్మిదిమందినీ తీసుకురమ్మని మరీ మరీ చెప్పింది.

నన్ను మధ్యలో కూర్చుని అంకెలు చెప్పమంటోంది. నేను ఒప్పుకోలేదు. పన్నెండుమంది ముందు ఆడడం వేరు, నూటయాభైమంది ముందు ఈ చెయ్యి పెట్టుకుని కూర్చోవడం వేరు. వచ్చి ఒక మూల కూర్చుంటాను. మిమ్మల్ని చూడడానికే వస్తాను. తప్పకుండా రండి.

కాంతం


కైకలూరు,
29 జనవరి 2026.

కాంతం,

నువ్వూ అక్కడే ఉన్నావు, అయినా నా వైపు నుంచి ఎలా జరిగిందో రాయాలని ఉంది.

నేను బస్సెక్కి రెండేళ్ళయింది. ఒకసారి కండక్టరు ఏదో అడిగాడు, వినపడక తల ఊపాను, వేరే ఊళ్ళో దింపేశాడు. అప్పటినుంచి భయం. ఈసారి తొమ్మిదిమందిమీ ఎక్కాం. మున్నీ కిటికీ పక్కన కూర్చోబెట్టింది. కొల్లేటి రోడ్డు మీదకి రాగానే నీళ్ళలో కొంగలు. నువ్వింకా రాసి పంపని కొంగ ఆట తామే కట్టినట్టు, మా వాళ్ళందరూ ఒకేసారి చేతులు చాచి రెక్కలాడించారు. కండక్టరు నా దగ్గరికి వచ్చి పెదాలు కదిపాడు. "నాకు వినపడదండి, మెల్లగా చెప్పండి" అన్నాను. ఈ మాట బయటివాళ్ళతో అనడం అదే మొదలు. ఆయన వంగి, "ఏం క్లాసండీ ఇది, మా అమ్మనీ చేర్చుకుంటారా?" అని మెల్లగా అడిగాడు.

హాల్లోకి రాగానే నిన్ను వెతికాను. స్తంభం పక్కన కూర్చున్నావు, చెయ్యి పైట కింద. జుట్టంతా తెల్లబడింది. నన్ను చూసి లేవబోయావు, కర్ర జారింది. నేనే వంగి తీసి నీ ఎడమ చేతికిచ్చాను.

మా రొయ్యల ఆటకి అందరూ లేచి నిలబడ్డారు. మున్నీ చేతులు దులుపుకుంటూనే ఉండిపోయింది, ఆపమని నేను లాగాను. ఆఖరిది అందరూ చేతులు పట్టుకుని గుండ్రంగా కూర్చుని ఆడేది. ఏంజెల్ నీ దగ్గరికి వచ్చి చెయ్యి చాచింది. నువ్వు తల అడ్డంగా ఊపావు. అప్పుడు నేను వచ్చి నీ కుర్చీ పట్టుకున్నాను. "దీన్ని నేను లాగితే ఇద్దరం పడతాం, నువ్వే లే" అన్నాను. లేచావు. నరసింహమూర్తి గారు ముందు నడుస్తూ, జనాన్ని తప్పుకోమని హారను కొట్టారట.

నేను కావాలనే నీ కుడి పక్కన కూర్చున్నాను. కొంగు తీసి నీ చెయ్యి పట్టుకున్నాను. చల్లగా, బరువుగా ఉంది. నువ్వు నా మొహం చూడలేదు. పాట మొదలైనట్టుంది, నీ ఎడమ చెయ్యి లేచింది. నీ మంచి కాలు దూరంగా ఉంది, అయినా ఆ ఈడ్చుకునే కాలే జరిపి నా పాదానికి ఆనించావు. తాళం తెలిసింది. నాలుగుకి నా చేతిని పైకి ఎత్తాను, నీదీ వచ్చింది. నువ్వు అంకెలు పైకి చెప్పడం మొదలుపెట్టావు. ఏంజెల్ మైకు నీ నోటి దగ్గర పెట్టింది. నువ్వు అది చూసుకోనే లేదు.

నీకు తెలియనిది ఒకటి చెప్పాలి. తలుపు దగ్గర మీ ఇందుజ నిలబడి ఉంది. ఒక చేతిలో నీ మందుల సంచి, ఇంకో చేతిలో నీ కర్ర. నేను పెదాలు చదువుతాను కదా. నీతోపాటు లెక్కపెడుతోంది. కాదు, నీకంటే ముందు పెడుతోంది, ఎక్కడ తప్పుతావో అన్నట్టు. ఎనిమిది అయ్యాక "అమ్మయ్య" అంది. మళ్ళీ ఒకటి. పాట అయిపోయేదాకా అలాగే. చివర అందరూ చప్పట్లు కొడుతుంటే అది కొట్టలేదు. రెండు చేతులూ ఖాళీ లేవు.

నేను ఇంకేమీ చెప్పను. నీకంటే మూడేళ్ళు పెద్దదాన్ని కాబట్టి ఈ మాత్రం రాశాను.

అక్క


తాడేపల్లిగూడెం,
14 ఫిబ్రవరి.

అక్కా,

మీ ఉత్తరం చదివి దిండు కింద పెట్టుకున్నాను. మూడు రోజులు ఇందుజ వెనకాలే చూపులతో తిరిగాను. ప్రదీప్ ఇంట్లో ఉంటే కుదరలేదు. మొన్న గురువారం వాడు రైసుమిల్లుకి వెళ్ళాక, అది వంటింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే వెళ్ళి ఎదురుగా కుర్చీలో కూర్చున్నాను.

"ఇందూ, మే నెలలో నేను నిన్ను ఒక మాటన్నాను."

"ఏ మాటండీ అత్తయ్యా?"

"తెలియనట్టు అడక్కమ్మా."

అది చిక్కుడుకాయలు తీస్తూనే ఉంది. ఇంక లేచి వెళ్ళిపోదామనుకుంటున్నాను, అప్పుడంది:

"ఆరోజు నేను బ్యాగు సర్దేశానండి. మా అమ్మ దగ్గరికి చింతలపూడి వెళ్ళిపోదామని. మీ అబ్బాయికి కూడా తెలీదు."

నేను కుర్చీలో ముందుకి జరిగి కూర్చున్నాను.

"మరి ఎందుకు ఆగావమ్మా?"

"మర్నాడు పొద్దున్న మీకు చెప్పి వెళ్దామని గదిలోకి వచ్చానండి. మీరు మంచం మీద కూర్చుని ఎడం చేత్తో జడ అల్లుకుందామని చూస్తున్నారు. మూడు పాయలూ ఒక చేతిలో నిలవట్లేదు. నోటితో ఒక పాయ పట్టుకున్నారు. నన్ను మీరు చూడలేదు. అరగంట నిలబడి చూశానండి. ఇంత పట్టుదల ఉన్న మనిషికి నోటికొచ్చిన మాట పట్టుకుని వెళ్ళడమేంటనిపించింది. వెళ్ళి బ్యాగు విప్పేశాను."

నేను చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి. వరసగా పెట్టుకునే వెళ్ళాను. ఆసుపత్రికి వేళకి తీసుకువెళ్ళినందుకు, ఒళ్ళు తుడిచినందుకు, ఆటోలో అరగంట కూర్చున్నందుకు, తలుపు దగ్గర నిలబడి నా బదులు లెక్కపెట్టినందుకు. ఒక్కటీ పూర్తిగా రాలేదు. "నువ్వు లేకపోతే నేను లేనమ్మా" అన్నాను. అంతవరకే చెప్పగలిగాను.

అది తల ఎత్తలేదు. "ఆ మూడు చిక్కుడుకాయలు ఇటివ్వండి అత్తయ్యా, మీ ఒళ్ళో పడ్డాయి" అంది. ఇస్తే తీసుకుంది. తీసుకుంటూ నా చెయ్యి, ఆ కుడి చెయ్యే, కాసేపు వదల్లేదు. దాని వేళ్ళు చిక్కుడు పసరుతో పచ్చగా ఉన్నాయి. అప్పుడు చూశానక్కా, రోజంతా మిషను మీద జాకెట్లు కుట్టి కుట్టి దాని బొటనవేలి కణుపు ఉబ్బిపోయి ఉంది. ఇన్ని నెలలూ నా చెయ్యి తప్ప ఇంకో చెయ్యి నాకు కనపడలేదు.

"మిషను మీద వంగి వంగి నడుం నొప్పిగా ఉందని అనవేం?" అన్నాను.

"ఎవరితో అననండీ?" అంది.

నిన్న శుక్రవారం నన్ను దింపి వెళ్ళిపోబోతుంటే చీర కొంగు పట్టుకుని ఆపాను. ఏంజెల్‌తో, ఈ అమ్మాయికి మెడా నడుమూ బిగుసుకుపోతున్నాయి, ముసలివాళ్ళకేనా, దీనికీ ఒక కుర్చీ వేస్తావా అని అడిగాను. ఏంజెల్ తనే తెచ్చి నా పక్కన వేసింది. నరసింహమూర్తి గారు, "కొత్త ప్యాసింజరెక్కారు, రైట్ రైట్" అన్నారు. ఇందుజ సిగ్గుతో ముడుచుకుపోయింది. సంచి ఒళ్ళో పెట్టుకునే కూర్చుంటే నేను తీసి కింద పెట్టాను.

దానికి తాళం రాదక్కా. నేను నాలుగు అనేసరికి అది ఆరు దగ్గర ఉంటుంది. అందరూ నాటు వేస్తుంటే అది చెమట తుడుచుకుంటోంది. "తొందరేం లేదమ్మా, మెల్లగా" అని చెప్పాను. ఎడమ చెయ్యి ఎలా పట్టాలో చూపించాను. వచ్చే మంగళవారం కూడా వస్తానంది. నేర్పుతాను.

కాంతం